పాట పేరొక్కటే రాస్తే ఎలా అండీ?

పోయిన సంచికలో "మీకు బాగా ఇష్టమైన పాటేంటి, దాని వెనకాల కథేంటి" అని అడిగాం కదా, ఉత్తరాలు, మెయిళ్ళు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. కానీ సగం మంది పాట పేరు ఒక్కటి రాసేసి కింద సంతకం పెట్టి పంపేశారు. పాట పేరు నాకెందుకండీ, అది ఏ యాప్‌లో కొట్టినా వస్తుంది, నాకు కావాల్సింది ఆ పాట మీ ఇంట్లోకి ఎలా వచ్చింది, ఎవరు పాడుతుంటే విన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది. ఇంకొంతమంది కథ చెప్పి నన్నే ఎదురు ప్రశ్నలు వేశారు, ఈసారి వాళ్ళకే జవాబులు. చాలామంది పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం.

అందర్నీ అడగడం కాదు, ముందు మీ సంగతి చెప్పండి. ఒక్కటంటే ఒక్క పాట. పది పేర్లు చెప్పి తప్పించుకోవద్దు. (కాకినాడ)

సరే, దొరికిపోయాను. "ఆకాశ దేశాన ఆషాఢ మాసాన". మేఘసందేశం సినిమా, 1982. వేటూరి గారు రాస్తే రమేశ్ నాయుడు గారు ట్యూన్ కట్టారు, ఏసుదాసు గారు పాడారు. ఆ సినిమాకి రమేశ్ నాయుడు గారికి, ఏసుదాసు గారికి, సుశీలమ్మకి ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. అవార్డుల సంగతి నాకు అప్పుడు తెలీదు లెండి. మాది పాలకొల్లు దగ్గర ఊరు. మా అక్కకి వేసవిలో పెళ్ళయింది, ఆషాఢం రాగానే పద్ధతి ప్రకారం పుట్టింటికి తీసుకొచ్చేశారు. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదని మా నాయనమ్మ పట్టుదల, అందుకని బావ మా ఇంటివైపు రావడానికి లేదు. బావకి ఉద్యోగం వేరే ఊళ్ళో, ఇంట్లో ఫోన్ లేదు, ఉత్తరాలే దిక్కు. ఆ నెలంతా మా అక్క వంటింటి పక్క గదిలో కూర్చుని టేప్ రికార్డర్‌లో ఈ పాట ఒక్కటే వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి వింటుండేది, బయట వాన, లోపల ఏసుదాసు. అమ్మ వచ్చి "ఆ మేఘానికేదో చెప్పి పంపేదేదో మీ ఆయనకి కార్డు ముక్క రాస్తే రేపటికి అందుతుంది కదే" అని వేళాకోళం చేసేది. కాళిదాసు యక్షుడి గొడవ, ఆషాఢం మొదటిరోజు మబ్బుతో కబురు పంపడం, ఇదంతా నేను కాలేజీలో చదువుకున్నాను గానీ నాకు అంతకుముందే అర్థమైపోయింది, మా ఇంట్లోనే చూశాను కాబట్టి. ఇంకో తమాషా ఏంటంటే బ్యాటరీలు వీకైపోయినా మార్చే డబ్బులు ఉండేవి కాదు, దాంతో టేపు నెమ్మదిగా తిరిగేది, ఏసుదాసు గారి గొంతు అసలు ఉన్నదానికంటే ఇంకా కిందకి దిగిపోయేది. ఇప్పుడు ఫోన్‌లో శుభ్రమైన ఒరిజినల్ వింటే నాకు పాట ఏదో బస్సుకి టైమైపోతున్నట్టు పరుగెడుతోందనిపిస్తుంది. స్పీడ్ కొంచెం తగ్గించి వింటాను. మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనీండి.

మాది హనుమకొండ, మా ఆయనది రాజమండ్రి. మా నానమ్మ నాట్లేస్తూ "గోదారి గట్టుంది గట్టుమీన సెట్టుంది" పాడేది, నాకు ఆ పాటంటే ప్రాణం. నేను పాడినప్పుడల్లా మా ఆయన "అది మా గోదారోళ్ళ పాట, మా యాస, మావాళ్ళు రాసింది" అని ఎగురుతాడు. మీరే తీర్పు చెప్పాలి. (హనుమకొండ)

మీ ఆయన ఈ పేజీ చదువుతారా? చదివితే కూర్చోబెట్టి చదివించండి. మూగమనసులు, 1964. అందులో పాటలు ఎక్కువ ఆత్రేయ గారివే గానీ ఈ పాట మాత్రం దాశరథి కృష్ణమాచార్య గారిది. దాశరథి గారి సొంతూరు చిన్నగూడూరు, మీ ఓరుగల్లు వైపే, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నిజాం మీద పద్యాలు రాసినందుకు నిజామాబాద్ జైల్లో పెడితే జైలు గోడ మీద బొగ్గుతో రాశారే, ఆయనే. "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అన్నదీ ఆయనే. ట్యూన్ కట్టిన మహదేవన్ గారిది నాగర్‌కోయిల్, తమిళనాడు చివర. ఆయన పద్ధతేంటంటే ముందు పాట రాసివ్వాలి, ఆ మాటల్లోంచే ట్యూన్ తీసేవారు, అందుకే ఈ పాటలో మాట విరిగిన చోటే దరువు కూడా విరుగుతుంది, విని చూడండి. పాడిన సుశీలమ్మది విజయనగరం. తెర మీద ఆ పాటకి గెంతులేసిన జమున గారు పుట్టింది హంపిలో, పెరిగింది దుగ్గిరాలలో. ఇక మీ ఆయనకి మిగిలింది డైరెక్టర్ ఆదుర్తి సుబ్బారావు గారు, ఆయన రాజమండ్రిలోనే పుట్టారు, ఆ ఒక్క పాయింటు ఇచ్చేయండి పాపం. అయినా గోదారి మాత్రం రాజమండ్రిలో పుట్టిందా ఏంటి, బాసర, భద్రాచలం అన్నీ చూసుకుని తీరిగ్గా వాళ్ళ దగ్గరికొచ్చింది.

మీ నానమ్మ పాడిన పాటలో సినిమాలో లేని చరణం ఏమైనా ఉందేమో గుర్తు తెచ్చుకోండి. నాట్లల్లో పాడేవాళ్ళు సినిమా పాటలకి సొంతంగా చరణాలు కలిపేసేవారు, అక్కడున్న ఆడబిడ్డ మీదో, భూమి కామందు మీదో. మా ఊళ్ళోనూ విన్నాను. ఉంటే రాసి పంపండి, వేస్తాం.

మా నాన్నగారు పోయి రెండేళ్ళైంది. ఆయన రోజూ పొద్దున్నే ఘంటసాల భగవద్గీత పెట్టేవారు. ఇప్పుడు నేను అది విన్నానంటే గుండె జారిపోతుంది, ఎందుకంటే మా ఊళ్ళో ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు మైకులో అదే వేశారు. ఇక్కడ గుళ్ళో కూడా అప్పుడప్పుడు వేస్తారు, నేను లేచి బయటికెళ్ళిపోతాను. ఇది నాకొక్కడికేనా? (డల్లాస్)

మీకొక్కరికే కాదు. తెలుగు ఊళ్ళల్లో పొద్దున్నే ఎక్కడినుంచైనా ఘంటసాల గారి గీత వినిపిస్తే జనం మొదట అడిగే మాట "ఎవరు పోయారు?" అని. వైకుంఠ రథాలకి స్పీకర్ కట్టినా అదే, వీధి చివర టెంట్ వేసినా అదే. ఘంటసాల గారు తన చివరి ఏళ్ళల్లో చేసిన రికార్డింగ్ అది, 1974 ఫిబ్రవరి 11న ఆయన వెళ్ళిపోయారు, యాభై రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ గొంతుతో పాటు ఆ వార్త కూడా అతుక్కుపోయి ఉంటుందేమోనని నా ఊహ. దాన్ని చావు ఇంటికి మాత్రమే పరిమితం చేయడం నాకైతే అస్సలు నచ్చదు. యుద్ధం చేయనని రథంలో కూలబడిపోయినవాడిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలు కదండీ అవి, బతికున్నవాడి కోసమే. మీ నాన్నగారు రోజూ పొద్దున పెట్టుకున్నది కూడా అందుకే అయ్యుంటుంది.

మీకు సలహా ఇచ్చేంతవాణ్ణి కాదు గానీ ఒకటి చెప్తాను. మా పెదనాన్న పోయాక మా వదిన కూడా ఇలాగే ఇబ్బంది పడింది. తను గీత జోలికి పోకుండా, మా పెదనాన్నకి ఇష్టమైన ఘంటసాల గారి వేరే రికార్డు పెట్టుకునేది. పుష్పవిలాపం, కరుణశ్రీ గారి పద్యాలు. అదీ ఏడుపు పాటే అనుకోండి, పూలు ఏడుస్తాయి అందులో, కానీ ఆ ఏడుపు వేరు. గొంతు అదే, మైకు జ్ఞాపకం మాత్రం లేదు. మీ నాన్నగారు ఘంటసాల గారివి ఇంకేం వినేవారో అమ్మగారిని అడగండి. లాహిరి లాహిరి లాహిరిలో ఉంటుంది, జగమే మాయ ఉంటుంది, నన్ను దోచుకొందువటే ఉంటుంది, ఏదో ఒకటి ఆయన బాత్రూంలో పాడుకునే ఉంటారు. అది దొరికితే అక్కడినుంచి మొదలుపెట్టండి. గీత సంగతి తర్వాత చూసుకోవచ్చు, తొందరేం లేదు.

మీకు అస్సలు పడని పాట? (ఖమ్మం)

"రాలిపోయే పువ్వా నీకు రాగాలెందుకే". అరవకండి, చెప్పేది వినండి. వేటూరి గారికి జాతీయ అవార్డు తెచ్చిన పాట, కీరవాణి గారు స్వయంగా పాడారు, గొప్ప పాట, నాకు ఒప్పుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ హైదరాబాద్‌లో నా రూమ్మేట్ ఒకడు తెల్లారుజామున ఐదింటికి దీన్ని అలారంగా పెట్టుకునేవాడు. వాడు లేచేవాడు కాదు. మేం లేచేవాళ్ళం, రోజు మొదలవకుండానే రాలిపోయినట్టుండేది.

నాకు ముప్పై ఐదేళ్ళు. నా ఫేవరెట్ పాటలన్నీ హ్యాపీ డేస్, మనసంతా నువ్వే, బొమ్మరిల్లు టైమ్‌వి. మా నాన్న "అవీ పాటలేనా, మా రోజుల్లో సాలూరి రాజేశ్వరరావు" అని మొదలుపెడతారు. మీ శీర్షికలో కూడా ఎప్పుడూ పాతపాటలే. మాకు జ్ఞాపకాలు ఉండవా సార్? (హైదరాబాద్)

తగిలింది, తీసుకున్నాను. ఉంటాయి, ఎందుకుండవు. 2007లో హ్యాపీ డేస్ వచ్చినప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ళల్లో "అరెరే అరెరే" వినపడని కారిడార్ లేదు, మిక్కీ జె మేయర్ పేరు అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలీదు. మీ తరం వాళ్ళు పాటలు ఎలా సంపాదించుకున్నారో నాకు బాగా ఇష్టం అసలు. ఒక సీడీలో నూటయాభై ఎంపీత్రీలు, పైన స్కెచ్ పెన్నుతో "లవ్ హిట్స్" అని రాసి, అందులో పది పాటలు సగంలో ఆగిపోయేవి. తర్వాత మొబైల్ షాపులో మెమరీ కార్డ్ ఇచ్చి "అన్నా కొత్తవి ఎక్కించు" అంటే వాడికి నచ్చినవన్నీ ఎక్కించేసేవాడు, మీ ప్లేలిస్ట్ తయారుచేసింది మీరు కాదు, ఆ షాపు కుర్రాడు. బ్లూటూత్‌లో ఒక పాట పంపుకోవడానికి రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి కదలకుండా కూర్చునేవాళ్ళు, ఆ రెండు ఫోన్లు ఎవరెవరివో అన్నదాంట్లోనే సగం కథలు ఉంటాయి, మీరు రాయలేదు గానీ.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. రాజేశ్వరరావు గారు మల్లీశ్వరి చేసింది 1951లో, కృష్ణశాస్త్రి గారు సినిమాకి పాటలు రాయడం దాంతోనే మొదలు. కవిగారు సినిమాకి రాయడమేంటని ఆ రోజుల్లో కూడా ఏ పెద్దాయనో ముక్కు విరిచే ఉంటాడు. ప్రతి తరంలోనూ ఒక నాన్న ఉంటాడు. మనసంతా నువ్వేలో "తూనీగా తూనీగా" ఆయనకి వినిపించండి, సీతారామశాస్త్రి గారు రాశారని ముందు చెప్పకండి, విన్నాక చెప్పండి.

మాది తెనాలి, వయసు అడక్కండి. రేడియోలో జనరంజనికి కార్డు రాసి, నా పేరు చదివినరోజు వీధంతా మా ఇంటికొచ్చింది. ఇప్పుడు యూట్యూబ్‌లో అదే పాట ఎన్నిసార్లు విన్నా ఆ రుచి లేదు. కారణం ఏంటంటారు? (తెనాలి)

కారణం మీ పేరు లేకపోవడం. నిజంగానే చెప్తున్నాను. పాటకి ముందు "ఈ పాట కోరినవారు" అని మొదలుపెట్టి ఫలానా ఊరు, ఫలానా వీధి, పేర్లు, ఆ పేర్ల వెనక వాళ్ళ మిత్రబృందం అంతా చదువుకుంటూ పోయేవారు, ఒక్కోసారి పేర్లకే ఎక్కువ టైమ్ పట్టేసి వార్తల వేళకి పాటని చివరి చరణంలో మెల్లగా తగ్గించేసేవారు. అందుకే నాకు చాలా పాటల్లో రెండు చరణాలే వచ్చు, మూడోది ఉందని క్యాసెట్లు కొనుక్కున్నాక తెలిసింది. కొన్ని ఊళ్ళ పేర్లు నాకు రేడియో వల్లే తెలుసు, ఆ ఊరు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు, అక్కడో శ్రోతల సంఘం ఉందని మాత్రం తెలుసు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్‌లో మొదలైంది, వివిధభారతి 1957 అక్టోబర్‌లో, అంటే మన ఇళ్ళల్లో రెండు మూడు తరాలు ఆ పెట్టె ముందే పెరిగాయి. ఇష్టమైన పాట ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినప్పుడు చేతిలో ఉన్న పని వదిలేసి పరిగెత్తాలి, మా అమ్మ పిండి చేత్తోనే వచ్చి రేడియో సౌండ్ పెంచేది, ఆ నాబ్ మీద ఎప్పుడూ తెల్లగా పిండి మరక ఉండేది. ఇప్పుడు ఏ పాట కావాలంటే ఆ పాట ఏ నిమిషానికైనా వస్తుంది, ఎదురుచూసే పనే లేదు, మరి రుచి ఎక్కడినుంచొస్తుంది.

మీరు ఏ పాట అడిగారో మాత్రం రాయలేదు! అంత కథ చెప్పి పాట పేరు మర్చిపోయారు, మిగతావాళ్ళకి పూర్తి రివర్స్ మీరు.

2023 ఫిబ్రవరిలో విశ్వనాథ్ గారు పోయిన రోజు మా ఇంట్లో శంకరాభరణం పాటలు పెట్టుకుని అందరం కూర్చున్నాం. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, "ఎవరో తెలియని ఆయన పోతే ఎందుకు ఏడుస్తున్నారు" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు. మీరైతే ఏం చెప్పేవారు? (విశాఖపట్నం)

ఆ వారం నాకూ బాగా గుర్తు. శంకరాభరణం విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న, విశ్వనాథ్ గారు వెళ్ళిపోయింది 2023 ఫిబ్రవరి 2న. ఆ కాకతాళీయం గురించి అందరూ ఫోన్లు చేసుకుంటుండగానే రెండు రోజులకి, 4న, వాణీ జయరాం గారు కూడా. ఆ సినిమాకి జాతీయ అవార్డు అందుకున్న ముగ్గురు సంగీతం మనుషులు, మహదేవన్ గారు, బాలు గారు, వాణి గారు, చివరికి ఒక్కరూ మిగల్లేదు. బాలు గారు 2020 సెప్టెంబర్‌లోనే వెళ్ళిపోయారు కదా.

మా ఊరి టాకీస్‌లో ఆ సినిమాకి మొదట జనం లేరు. హీరో లేడు, ఫైట్లు లేవు, పెద్దాయన కచేరీ అంట అని మాలాంటి కుర్రాళ్ళం మొహం చిట్లించాం. తర్వాత మా సంగీతం మాస్టారు రెండు రిక్షాల్లో శిష్యుల్ని ఎక్కించుకుని వెళ్ళారు, తిరిగొచ్చి రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, దాంతో ఊరు ఊరంతా కదిలింది. ఆయన్ని అంతగా కదిలించిన గొంతు శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్నది కాదు. బాలు గారి నాన్నగారు సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, ఇంట్లో విన్నది అదీ, అంతే. పుగళేంది గారు మహదేవన్ గారి సహాయకులు, ఆయన పక్కన కూర్చుని నేర్పితే పాడారు. మా మాస్టారికి ఈ సంగతి చెప్తే "అబద్ధం" అని కొట్టిపారేశారు, ఆయన ఆఖరిదాకా నమ్మలేదు.

మీ అమ్మాయికి నేనైతే జవాబు చెప్పేవాణ్ణి కాదు. "ఓంకార నాదాను" పెట్టి మీరు మొదటిసారి ఎక్కడ విన్నారో, ఎవరి పక్కన కూర్చున్నారో, ఆ పక్కనున్నాయన ఇప్పుడెక్కడున్నాడో చెప్పేవాణ్ణి. పన్నెండేళ్ళ పిల్లకి విశ్వనాథ్ గారు తెలియకపోవచ్చు, మీ నాన్న తెలుసు కదా.

ఇల్లు సర్దుతుంటే క్యాసెట్ ఒకటి దొరికింది. అందులో నాన్న రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి రికార్డ్ చేసిన పాటలు, మధ్యలో అమ్మమ్మ గొంతు, కుక్కర్ విజిల్ కూడా ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా వినలేదు. పాడైపోకుండా ఫోన్‌లోకి ఎలా ఎక్కించాలి? (అనంతపురం)

ఈసారి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇదే, అందుకే చివరికి ఉంచాను, కాస్త వివరంగా చెప్తాను. ముందు, ఆత్రంగా ప్లేయర్‌లో పెట్టేయకండి. వెలుతురులో పట్టుకుని క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి రీల్ అంచు చూడండి, తెల్లగా బూజు చుక్కలు కనపడితే ఇంట్లో ముట్టుకోవద్దు, పాత టేపులు బాగుచేసేవాళ్ళకే ఇవ్వాలి. బూజు లేకపోతే క్యాసెట్ తెరిచి ఉన్న అంచు మధ్యలో, టేపు వెనకాల చిన్న స్పాంజి ముక్క ఉంటుంది చూడండి, ప్లేయర్‌లో శబ్దాన్ని చదివే హెడ్‌కి టేపుని ఆనించేది, అది ఊడిపోయి ఉంటే శబ్దం గొణుగుతున్నట్టొస్తుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి వేరే పాత క్యాసెట్ స్పాంజి దీనికి మార్చుకోవచ్చు, అతికించేసిన రకమైతే విప్పడం కష్టం.

ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. పనికిరాని క్యాసెట్ ఒకటి వేసి ముందు టెస్ట్ చేయండి, అది నమిలేస్తే మీ అమ్మమ్మ టేపు బతికిపోతుంది. తర్వాత మీదాన్ని ప్లే చేయకుండా చివరిదాకా ముందుకి, మళ్ళీ మొదటిదాకా వెనక్కి ఒకసారి తిప్పండి, ఏళ్ళ తరబడి ఒకేలా చుట్టుకుని ఉన్న రీల్ కొంచెం వదులవుతుంది. తొంభై నిమిషాల క్యాసెట్ అయితే ఇంకా జాగ్రత్త, దాని రీల్ అరవైదానికంటే పల్చన. పైన ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ నొక్కులు విరిచి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే విరిచేయండి, అప్పుడు ఎవరైనా రికార్డ్ బటన్ నొక్కినా చెరగదు. మా ఇంట్లో అయితే వాటి మీద సెల్లోటేప్ అంటించి మరీ ఎక్కించేవాళ్ళం, మీరు ఆ పని చేయకండి. ఇక ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి లాప్‌టాప్ లైన్ ఇన్‌కి వైర్ కలిపి, ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో మొదటిసారే మొత్తం రికార్డ్ చేసేయండి, రెండోసారి ప్లే అవుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఎంపీత్రీలో కాకుండా ముందు వేవ్ ఫైల్‌గా దాచండి, ఫోన్‌లోకి ఎంపీత్రీ తర్వాత తీసుకోవచ్చు.

అందులో నాయిస్ రిడక్షన్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. దాన్ని గట్టిగా వాడితే కుక్కర్ విజిల్ పల్చబడుతుంది, దాంతోపాటు వెనకెక్కడో మాట్లాడుతున్న అమ్మమ్మ గొంతు కూడా అరిగిపోతుంది. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి కోసం ఆ బటన్ నొక్కకండి. ఎక్కించాక ఏ పాటలున్నాయో, అమ్మమ్మ ఏమంటోందో రాసి పంపండి, వచ్చే నెల వేసుకుందాం.